ఓటేసి గెంటేసే ఇల్లు

మన క్రైస్తవ కుటుంబాలు చాలావాటిలో ఆదివారానికి ఇప్పుడు రెండు కూడికలు. ఉదయం చర్చిలో ఆరాధన, రాత్రి టీవీ ముందు ఎలిమినేషన్! బిగ్‌బాస్ సీజన్ నడిచే వారాల్లో ఈ రెండో కూడికకు ఎవరూ ఆలస్యంగా రారు, మధ్యలో లేచి వెళ్లరు. ఒక పాస్టరుగా ఈ మాట కాస్త అసూయతోనే రాస్తున్నాను.

టీవీలో వచ్చే పోటీలన్నిటినీ ఒకే గాటన కట్టి ‘లోకసంబంధమైనవి’ అని తీసిపారేయడం న్యాయం కాదు. 1996లో ఈటీవీలో మొదలైన ‘పాడుతా తీయగా’లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు శ్రుతి ఎక్కడ తప్పిందో పిల్లలకు చెప్పేవారు, తానే పాడి వినిపించేవారు, మెచ్చుకోవలసిన చోట మనసారా మెచ్చుకునేవారు. ఓడిన పిల్లలు కూడా ఏదో ఒకటి నేర్చుకునే ఇంటికి వెళ్లారు. 2000లో మొదలైన ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’లో డబ్బు ఆశ ఉన్నమాట నిజమే గానీ, అక్కడా నెగ్గేది తెలివే. పోటీ పాపం కాదు. కొరింథు పట్టణానికి దగ్గర్లోనే రెండేళ్లకోసారి ఇస్త్మియన్ క్రీడలు జరిగేవి. ఆ ఊరి విశ్వాసులకు రాస్తూ అపొస్తలుడైన పౌలు పందెపు రంగాన్నే ఉపమానంగా తీసుకున్నాడు (1 కొరింథీ 9:24–27). వాడిపోయే ఆకుల కిరీటం కోసమే వాళ్లు అంతగా ఒళ్లు వంచి సాధన చేస్తుంటే మరి మన సంగతేమిటన్నది అక్కడ ఆయన వాదన.

బిగ్‌బాస్ ఆ కోవలోది కాదు. 1999లో నెదర్లాండ్స్‌లో ‘బిగ్ బ్రదర్’గా పుట్టి, 2006లో హిందీకి, 2017లో తెలుగుకు వచ్చిన ఈ ఆటలో పరీక్షకు నిలబడేది పాటా కాదు, పరుగూ కాదు, మనిషే. ఫోను, పేపరు లేకుండా కొందరిని ఒక ఇంట్లో పెట్టి తలుపు వేస్తారు. వాళ్లు ఒకరినొకరు నామినేట్ చేసుకోవాలి, కారణం కూడా చెప్పాలి. రోజంతా చిత్రీకరించిన దాంట్లోంచి కొంచెం ఏరి మనకు చూపిస్తారు. అందులో కేకలకూ కన్నీళ్లకూ ఉన్న గిరాకీ సర్దుబాటుకు ఉండదు. ఇక తీర్పు మనది. మన దగ్గర ఓటు కాపాడటానికే వేస్తారు అంటారు గానీ, ఎవరో ఒకరు పెట్టె సర్దుకోకపోతే ఆ రాత్రి కార్యక్రమమే చప్పబడిపోతుంది. నా అభ్యంతరం బట్టల గురించో, బూతుల గురించో కాదు, వాటిమీద ప్రసంగాలు ఇప్పటికే సరిపడా ఉన్నాయి. సాటి మనిషిని వెళ్లగొట్టే ఘడియ కోసం కుటుంబమంతా, పిల్లలతో సహా, కలిసి ఎదురుచూడటం గురించి.

ఈ ఆట ఒక మనిషిని ఏం చేయగలదో జేడ్ గూడీ జీవితంలో చూడొచ్చు. దంతవైద్యుల దగ్గర నర్సుగా పనిచేసిన ఈ లండన్ యువతి 2002లో బ్రిటన్ బిగ్ బ్రదర్‌లోకి వెళ్లింది. ఆమె రూపాన్నీ, అమాయకపు మాటల్నీ అక్కడి పత్రికలు వెక్కిరించాయి, పంది అని కూడా రాశాయి. నాలుగో స్థానంలో నిలిచిన ఆమె ఆ వెక్కిరింతల మీదే పేరూ డబ్బూ సంపాదించుకుంది. 2007 జనవరిలో ‘సెలబ్రిటీ బిగ్ బ్రదర్’కు మళ్లీ వెళ్లినప్పుడు తోటి పోటీదారు అయిన మన శిల్పాశెట్టిని జాతి వివక్ష ధ్వనించే మాటలతో అవమానించింది. ప్రసారాల నియంత్రణ సంస్థకు 40 వేలకు పైగా ఫిర్యాదులు అందాయి. జనవరి 19న ప్రేక్షకులు 82 శాతం ఓట్లతో జేడ్‌ను బయటికి పంపారు. ఆమె చేసింది తప్పే, చిన్న తప్పు కూడా కాదు. ఆ పోటీలో గెలిచిన శిల్ప మాత్రం ఆమెను క్షమించానని చెప్పింది.

2008 ఆగస్టులో హిందీ బిగ్‌బాస్ రెండో సీజన్‌కు ఆ శిల్పాశెట్టే వ్యాఖ్యాత. జేడ్ అందులో పోటీదారుగా మన దేశానికి వచ్చింది. కొద్ది రోజుల్లోనే ఆమెకు కన్ఫెషన్ రూమ్ నుంచి పిలుపొచ్చింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఉందన్న కబురు, కెమెరాలున్న ఆ గదిలోనే ఆమెకు తెలిసింది. పాపాలు ఒప్పుకునే చోటికి సంఘం వాడుకునే పేరును ఆ గదికి పెట్టుకున్నవారికి, అలాంటి వార్త వినేటప్పుడు మనిషికి కాస్త చాటు కావాలని తోచలేదు!

ఆమె వెంటనే స్వదేశం వెళ్లిపోయింది. 2009 మార్చి మొదట్లో, తాను చికిత్స పొందుతున్న ఆసుపత్రి ప్రార్థనా మందిరంలో తన ఇద్దరు చిన్న కొడుకులతో కలిసి బాప్తిస్మం పొందింది. అదే నెల 22న, బ్రిటన్‌లో తల్లుల ఆదివారం నాడు, 27 ఏళ్లకే కన్నుమూసింది. ఆమె జబ్బు సంగతి విని ఆ ఏడాది కాలంలో ఇంగ్లండ్‌లో అదనంగా 4 లక్షల మందికి పైగా స్త్రీలు క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నారు. అంత్యక్రియల రోజున వేలమంది వీధుల్లో నిలబడి ఏడ్చారు. రెండేళ్ల క్రితం 82 శాతం ఓట్లతో గెంటేసిన దేశమే!

జనం ఓటు ఇంతే. పస్కా పండుగనాడు పిలాతు అడిగింది కూడా ఇదే కదా, ఇద్దరిలో ఎవరిని విడిపించాలని. కాపాడే ఓటు బరబ్బకు పడింది (మత్తయి 27:15–26). ఆ ఓటింగులో ఓడినవాణ్ణి ఆరాధించడానికి వచ్చే మనం అదే రోజు రాత్రికి ఓటర్లమైపోవడం నాకు మింగుడుపడటం లేదు.

ఇది టీవీ దగ్గరే ఆగితే ఇంత రాయనక్కర్లేదు. సంఘంలో ఒకడు తప్పు చేస్తే ముందు ఏం చేయాలో ప్రభువు స్పష్టంగా చెప్పాడు. నువ్వొక్కడివే వెళ్లి, అతనితో ఒంటరిగా మాట్లాడాలి (మత్తయి 18:15). అంటే కెమెరా లేదు, ప్రేక్షకులు లేరు. ఉద్దేశం సహోదరుణ్ణి సంపాదించుకోవడమే. మన దగ్గర ఆ మొదటి మెట్టే కనబడటం లేదు. ముందు వాట్సాప్ గ్రూపులో పడుతుంది, తర్వాత కమిటీలో పడుతుంది, ఆ మనిషి దగ్గరికి మాత్రం ఎవరూ వెళ్లరు. కొరింథు సంఘంలో ఒకడిని బయట పెట్టమని గట్టిగా రాసిన పౌలే (1 కొరింథీ 5), రెండో పత్రికలో అలా శిక్ష పొందిన ఒకడి గురించి ఇక చాలు, దుఃఖంలో మునిగిపోకముందే అతణ్ణి క్షమించి ఓదార్చండి అని బతిమాలాడు (2 కొరింథీ 2:6–8). ఇద్దరూ ఒకరేనా అన్నది పండితుల చర్చ. సంఘం ఏం చేయాలన్నదానిలో మాత్రం చర్చ లేదు. మొదటి పత్రికలోని మాటను మన కమిటీలు ఎన్నోసార్లు అమలు చేశాయి, రెండోదాని మీద మినిట్స్ పుస్తకంలో తీర్మానం కనబడటం మాత్రం అరుదు.

తాగుడు వల్ల, తప్పిన పెళ్లి వల్ల, అప్పుల వల్ల, మాట పట్టింపు వల్ల చర్చికి రావడం మానేసిన కుటుంబం ప్రతి సంఘానికీ ఒకటుంటుంది. వాళ్లు కూర్చునే బెంచీ ఏదో కూడా మనకు తెలుసు. వచ్చే ఆదివారం రాత్రి వాళ్లు బహుశా ఇంట్లోనే ఉంటారు. టీవీ కట్టేసి, ఒక్కరే వెళ్లి రండి. గుంపుగా వద్దు.