ధర్మరాజు కుక్క, నల్లమల దారి

వానలు చాలిన ఏట, ఎండలు ముదురక మునుపు ఫాల్గుణమున గూడ ఎగువ అహోబిలమున భవనాశి బండల నడుమ ఉరుకుచుండును. గుక్కెడు నీటికై మబ్బువంక చూచు రాయలసీమ పిల్లలకు ఆ సవ్వడియే ఒక పాఠము. ఎగువ అహోబిలమునుండి బయలుదేరి, వరాహ, జ్వాలా, మాలోల నరసింహుల సన్నిధులను చూచి, బయలుదేరిన చోటికే మరలివచ్చు కాలినడకను ఉపాధ్యాయులు విద్యార్థులచే చేయింపదగును. తిరుమంగై ఆళ్వారు తన పాశురములలో దుర్గమమని వర్ణించిన కొండ ఇది. ఎఱ్ఱన నృసింహపురాణము కీర్తించినది ఈ క్షేత్రమహిమనే. పుస్తకమున చదివినదానిని పాదములతో తెలిసికొనుటకు తగిన చోటిది.

అయితే ఇట్టి నడకలలో ఒక చిక్కు కలదు. బిస్కత్తు ముక్క వేసినచో ఊరికుక్క వెంటబడును. పట్టణములనుండి వచ్చువారు కొందరు పెంపుడుకుక్కనే తోడు తెత్తురు. తప్పేమని వారిని అడిగినచో భారతమును చూపుదురు.

వారు చెప్పు కథ ఎల్లరెరిగినదే. ఇంద్రుడు రథమెక్కుమన్నను, వెంటవచ్చిన శునకమును విడిచి స్వర్గమునకు రాజాలనన్నాడు ధర్మరాజు. ఆ శునకము ధర్మదేవతయే. ఈ పర్వమును తిక్కన తెనిగించెను. కాని ధర్మరాజు తిరిగిరాని దారి పట్టినవాడు. విహారమునకు వచ్చినవాడు సాయంకాలమునకు బస్సెక్కును. ఉదయము మచ్చిక చేసికొనిన ఊరికుక్క ఆ బస్సు వెనుక పరుగెత్తుచుండగా ఎవ్వరును వెనుదిరిగి చూడరు. ధర్మరాజు చేయనన్న ద్రోహము సరిగా ఇదియే.

ఇక అడవి సంగతి. నల్లమల పులుల అడవి. ఇందలి నాగార్జునసాగర్‌ శ్రీశైలము అభయారణ్యము 1983లో పులుల సంరక్షణ పథకమున చేరినది. చిరుతలును, రేచుకుక్కలును ఈ కొండలలో కలవు. చిరుతకు కుక్క మాంసమన్న ప్రీతి. బెదరిన కుక్క పరుగెత్తి వచ్చునది మనుష్యుల వైపే. అంతకంటె పెద్ద భయము రోగము. కుక్కలకు వచ్చు డిస్టెంపర్ అను అంటువ్యాధి పులులకు, సింహములకు, రేచుకుక్కలకు గూడ సోకును. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో సింహములలో సుమారు మూడవవంతు దానికి బలియైనవి. ఆ వైరస్ పరిసర గ్రామముల కుక్కలనుండి వచ్చెనని పరిశోధకులు భావించిరి. 2018లో గుజరాతులోని గిర్ అడవిలో ఇరవైకి పైగా సింహములు మరణింపగా, వానిలో కొన్నింటియందు ఇదే వైరస్ కనబడినది.

కడప జిల్లా కలివికోడిని గూడ తలపవలెను. 1900 తరువాత కానరాక, అంతరించెనని తలపబడిన ఆ పక్షి 1986లో ఆ జిల్లాలోనే మరల దొరికినది. దాని రక్షణకై లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. నేలమీద తిరుగుచు బ్రతుకు పక్షికి, ఆటకై పరుగెత్తు కుక్కయు వేటకుక్కయే.

చెంచులు తరతరములుగా కుక్కలతోనే అడవిలో తిరుగుచున్నారు గదా యని ఎవరైన ఆక్షేపింపవచ్చును. వారికి అడవి ఇల్లు. ఏ మృగము ఏ వేళ ఏ వంకకు నీటికి దిగునో వారెరుగుదురు. ఒక్కనాటి అతిథి ఆ ఇంటివారి చనువును తనదిగా చెప్పుకొనరాదు.

కావున విహారయాత్రకు ముందే ఉపాధ్యాయుడు పిల్లలకు రెండు మాటలు చెప్పవలెను. దారిలో కుక్కకు తినుబండారము వేసి అడవిలోనికి వెంట త్రిప్పుకొనరాదు. పెంపుడుకుక్కను ఇంటనే ఉంచి, దానికి రేబీసు, డిస్టెంపర్ వ్యాధులు రాకుండ టీకాలు వేయింపవలెను. కుక్కపై నిజముగా ప్రేమగల పిల్లవాడు వేసవిలో తన వీధికుక్కకు గుమ్మము ముందు తొట్టెడు నీరు దినదినము పెట్టినచో, ధర్మరాజు కథ వానికి అర్థమైనట్లే. కుక్క అరుపు లేని భవనాశి ఒడ్డున సద్దుచేయక కూర్చున్న తరగతికి, నీటికి దిగు పక్షులైనను కనబడును.