పచ్చని ఆకు కింద నల్లని కాయ

వనపర్తి నుంచి మా పెద్దనాయన వచ్చినప్పుడల్లా సంచెడు పల్లికాయ తెస్తాడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు చెలకల్లో యాసంగికి పేరున్న పంట ఇదే గదా! మొన్న వచ్చి, "ఈసారి ఆకు పచ్చగ నిగనిగలాడుతున్నదిరా, ఇగ భయం లేదు" అన్నాడు.

"ఆకును నమ్మకు పెద్దనాయనా, ఒక మొక్క పీకి చూడు" అన్నాను. ఎందుకన్నానో పాఠకులకు కూడా చెప్పాలి.

1975-76లో, అప్పటి చిత్తూరు జిల్లా కాళహస్తి ప్రాంతంలో వేరుసెనగ చేలకు ఒక వింత జబ్బు వచ్చింది. మొక్కలు గిడసబారిపోయాయి, ఆకు మాత్రం మామూలు కంటె పచ్చగా ఉన్నది! పీకి చూస్తే ఊడలమీద, లేతకాయలమీద గోధుమరంగు మచ్చలు. ముదిరితే కాయంతా నల్లబడేది. లోపలి గింజ బాగానే ఉన్నా దిగుబడి పడిపోయేది. దానికి "కాళహస్తి తెగులు" అని పేరు వచ్చింది. నేరం బూజుది కాదు, మట్టిలో ఉండే ఒక నులిపురుగుదని 1984లో అచ్చయిన పరిశోధన తేల్చింది.

పురుగు అంటాము గాని దీనికి కాళ్ళు లేవు; కీటకం కాదు. వానపాముకు చుట్టమూ కాదు. వానపాము ఒళ్ళు నిజంగానే కణుపులు కణుపులుగా ఉంటుంది. దీనికి చర్మంమీద మాత్రమే సన్నని వలయాలు. నెమటోడులని వీటిది వేరే కులం. ఈ జాతి పేరు టైలెంకోరింకస్ బ్రెవిలినియేటస్. ఇంటిపేరు 1913లో కాబ్ అనే శాస్త్రజ్ఞుడు పెట్టినది. ఈ జాతిని 1960లో విలియమ్స్ మారిషస్ చెరకు తోటల మన్నులో చూచి వర్ణించాడు. ఒకనాడు మనవాళ్ళు కూలికి పోయిన తోటలే అవి! తరువాత కొందరు దీనిని బైటిలెంకస్ అనే ఇంటిపేరుకు మార్చారు. పేరు మారినా బుద్ధి మారలేదు.

నిడివి మిల్లీమీటరుకు లోపే. కళ్ళు లేవు, ఊపిరితిత్తులు లేవు, రక్తనాళాలు లేవు. తలలో మాత్రం బోలు సూది ఒకటున్నది. సూది మొదట మూడు బుడిపెలు. వాటిని పట్టుకున్న కండరాలు సూదిని ముందుకు పొడుస్తాయి. గొంతులోని చిన్న ఉబ్బు పంపులాగ కొట్టుకుంటూ రసం లాగుతుంది. ఒంటి కండరాలన్నీ నిలువునే ఉన్నందున, మట్టిరేణువుల నడుమ నీటిపొరలో పాములా మెలికలు తిరుగుతూ పోతుంది. ఆడదానికి అండాశయాలు రెండు: ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు. ఇది మొక్కలోపల కాపురం పెట్టదు. బయట ఉండే పొడుస్తుంది.

ఈ వంశచరిత్ర అంతా రైతుకెందుకు? బూజు అనుకుని ఆకుమీద మందు చల్లితే మన్నులోని దొంగకు ఏమవుతుంది? పంట మార్చాలి, వేసవిలో లోతుగా దున్నాలి, తట్టుకోగల తిరుపతి-3 వంటి విత్తనం చూసుకోవాలి. శత్రువెవరో తెలిస్తేనే గదా, దెబ్బ ఎక్కడ కొట్టాలో తెలిసేది!

పాలమూరు చేలలో ఈ తెగులున్నదని నేననడం లేదు. చూసుకోమంటున్నాను, అంతే.

నిన్న పెద్దనాయన కబురు చేశాడు: "మూడు మొక్కలు పీకి చూసిన. కాయ శుభ్రంగ ఉన్నది. ఆ మూడు మొక్కల కాయ మాత్రం నీ సంచిలో తక్కువొస్తది!"