అన్నను పోలిన తమ్ముడు

మొన్న రాత్రి భోజనాలయ్యాక మా అమ్మాయి రసాయన శాస్త్రం పుస్తకం తెచ్చి నా పక్కన చతికిలబడింది. "నాన్నగారూ, ఈ నత్రజని కుటుంబం ఎంత చదివినా బుర్రకెక్కడం లేదు" అంది. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికే నాకు నత్రజనితో ఏం పని? అయినా కుటుంబమన్న మాట చెవిని పడేసరికి కుతూహలం కలిగింది. కుటుంబాల సంగతి మనకు తెలియందా!

నిజంగా సంసారమే. నత్రజని, భాస్వరం, ఆర్సెనిక్, ఆంటిమొని, బిస్మత్ - పట్టికలో ఒకరి కింద ఒకరు అయిదుగురు అన్నదమ్ములు. ఆరోవాడికి 2016లో మాస్కోవియం అని పేరు పెట్టారుగాని, ప్రయోగశాలలో పుట్టి రెప్పపాటులో పోయే ప్రాణి. అందరికీ పై కక్ష్యలో ఎలక్ట్రానులు అయిదే. ఎనిమిదికి మూడు తక్కువ. అందుకే ఒక్కొక్కరూ మూడేసి ఉదజని పరమాణువులతో జట్టు కడతారు. పెద్దవాడు గాలిలో నూటికి 78 పాళ్ళు తానే అయినా ఎవరి జోలికీ పోడు. రెండోవాడు, తెల్ల భాస్వరం, గాలి సోకితే భగ్గుమంటాడు, నీళ్ళలో దాచాలి. కిందికి దిగినకొద్దీ లోహగుణం హెచ్చుతుంది, ఉదజనితో పొత్తు సడలుతుంది. అమ్మోనియా గట్టి పిండం. ఆర్సెనిక్ కట్టిన ఆర్సీన్ వాయువు మాత్రం వేడి తగిలితే విడిపోతుంది.

ఆర్సెనిక్ అంటే మన పాషాణంలో ఉన్నవాడే. మన ఎముకల్లోనూ, కణాలు శక్తి దాచుకునే చోటా ఉండేది భాస్వరం. తమ్ముడికి అన్న పోలిక. ఆర్సెనేట్ వేషంలో వస్తే, ఫాస్ఫేటే వచ్చిందనుకుని కణం తలుపు తీస్తుంది. లోపల చేరి అతగాడు వేసిన ముడి వేసినట్టే ఊడిపోతుంది. దాచిన శక్తి నీళ్ళపాలు. అతని అపకారాల్లో ఇదొకటి.

ఇంగ్లండులో తాతగారి కాఫీలో పాషాణం కలిపాడని ఒక మనవడి మీద నేరం వచ్చింది. జేమ్స్ మార్ష్ అనే రసాయనవేత్త చూపబోయిన సాక్ష్యం విచారణనాటికి చెడిపోయింది, ముద్దాయి బయటపడ్డాడు. ఆ పట్టుదలతో మార్ష్ 1836లో కొత్త పరీక్ష ప్రకటించాడు. అనుమానపు పదార్థంలో జింకు, ఆమ్లం వేస్తే ఆర్సీన్ పుడుతుంది. దాన్ని గాజు గొట్టంలో కాలిస్తే ఆర్సెనిక్ నల్లని అద్దంలా పేరుకుంటుంది. సడలిన పొత్తే దొంగను పట్టించిందన్నమాట! ఆంటిమొనీ అద్దం కడుతుందిగాని, బట్టల చలువకు వాడే హైపోక్లోరైటు ద్రవంలో అది కరగదు, ఆర్సెనిక్ కరుగుతుంది.

ఇది పాతకథ అనుకోకండి. మురికి చెరువు నీళ్ళు తాగి పిల్లలు పోతున్నారని బంగ్లాదేశ్‌లో 1970 ప్రాంతాల నుంచి గొట్టపు బావులు విరివిగా వేశారు. నీళ్ళు తేట, రుచిలో తేడా లేదు, వాసన లేదు. వాటిలో ఆర్సెనిక్ ఉన్నట్టు 1993లో గాని బయటపడలేదు. లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

వంటింట్లోంచి మా ఆవిడ అంతా వింటున్నట్టుంది. "మన బోరు నీళ్ళు ఎప్పుడైనా పరీక్ష చేయించారా?" అంది.

ఇరవై ఏళ్ళుగా తాగుతున్నాం. జవాబు తోచలేదు.

మర్నాడు కాలేజీకి పుస్తకాలతోబాటు ఒక సీసాడు నీళ్ళు పట్టుకెళ్ళి, రసాయన శాఖ మిత్రుడి బల్లమీద పెట్టాను.