వెన్ను విరిగితే... తోడెవరు?

కోహీర్: తాటిచెట్టు పైనుంచి జారిపడినా, 65వ నంబరు జాతీయ రహదారిపై ద్విచక్ర వాహనం అదుపు తప్పినా, వెన్నుపాముకు తీవ్రమైన దెబ్బ తగిలితే ఆ తరువాతి కథ ఒక్కటే. సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌లో శస్త్రచికిత్స జరుగుతుంది. కొన్ని వారాలకు మనిషి ఇల్లు చేరతాడు. కాళ్లలో చలనం ఉండదు, మలమూత్రాలపై అదుపు ఉండదు. అసలు కష్టం అక్కడే మొదలవుతుంది.

స్పర్శ తెలియని శరీరం గంటల తరబడి ఒకే వైపు ఒరిగి ఉంటే పుండు పడుతుంది. మంచంలో రెండు గంటలకోసారి పక్క మార్చాలి. కుర్చీలో కూర్చుంటే అరగంటకోసారైనా చేతులు ఊని నడుము పైకెత్తాలి. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి శుభ్రమైన గొట్టంతో మూత్రం తీయాలి. లేకుంటే ఇన్ఫెక్షన్ మూత్రపిండాలకు పాకుతుంది. డిశ్చార్జి నాడు హడావిడిగా చెప్పిన ఈ మాటలు బెదిరిపోయిన కుటుంబానికి ఎన్ని గుర్తుంటాయి? పేద దేశాల్లో ఈ బాధితులను నేటికీ బలిగొంటున్నవి చాలావరకు నివారించదగిన ఈ పుండ్లు, ఇన్ఫెక్షన్లే.

అదే పని, ఏళ్ల తరబడి చక్రాల కుర్చీలో బతుకుతున్న మనిషి ఎదుట కూర్చుని చేసి చూపితే మనసుకు పడుతుంది. దాంపత్యం, పిల్లలు, సంపాదన వంటి ప్రశ్నలు వైద్యుణ్ని అడగడానికి నోరు రాదు. రాత్రిళ్లు నిద్ర మానుకుని సేవ చేసే ఇల్లాలికైతే, ఆ బాధ పడిన మరో ఇల్లాలి మాటే ఊరట.

ఇది కొత్త ఆలోచన కాదు. 1954లో కారు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్, కుర్చీలోంచే కుష్ఠు రోగులకు శస్త్రచికిత్సలు చేశారు. వేలూరు సీఎంసీలో పునరావాస వైద్యానికి పునాది వేశారు. అక్కడ కోలుకున్న వారు ‘రిహాబ్ మేళా’ పేరిట మళ్లీ కలుసుకుంటారు. ఢిల్లీలో వెన్నుగాయాల ఆసుపత్రిని నెలకొల్పిన మేజర్ అహ్లువాలియా సైతం 1965 యుద్ధంలో గాయపడి కుర్చీకి పరిమితమైన వారే.

రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 2023లో రూ.4,016కు పెరిగింది. అది అవసరమే గానీ, పక్క మార్చడం నేర్పదు. జహీరాబాద్ ప్రాంతానికి సంఘాలు కొత్త కాదు. 1983లో మొదలైన డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో పేద దళిత మహిళలు ఊరూరా సంఘాలు కట్టి భూములు సాగులోకి తెచ్చుకున్నారు. 2008లో మాచునూరులో సొంత రేడియోనూ ప్రారంభించారు. విత్తనం గురించి కూర్చుని మాట్లాడుకున్న నేలలో వెన్నుగాయం గురించి మాట్లాడుకోలేమా?

మంచం పట్టిన వారెవరో ఇంటింటికీ తిరిగే ఆశ కార్యకర్తలకు తెలుసు. ఆ జాబితాతోనే పని ఆరంభించవచ్చు. అయితే బస్సు మెట్టెక్కలేని వారిని మండల కేంద్రానికి రమ్మనడం వృథా. అనుభవజ్ఞుడైన బాధితుణ్నే ఆటోలో ఆ ఇంటికి చేర్చాలి. ఆ కిరాయి ఏ శాఖ భరిస్తుందన్నది అధికారులు ముందుగా తేల్చవలసిన సంగతి.