వార్పు వేరు, బట్టీ వేరు

ధాన్యంతో ఇంట్లోనే బీరు చేసుకొనే పనిని తెలుగులో రాయడానికి మాటలు లేవనీ, ఉన్నా అది మర్యాదగా ఉండదనీ అమెరికాలో ఉన్న నా పూర్వశిష్యుడొకడు అంటాడు. ఈ రెండు మాటలనూ నేను ఒప్పుకోను. నేను దాన్ని ముట్టినవాణ్ణి కాను. నా వాదం పనిముట్ల గురించీ, మాటల గురించీ.

బార్లీని నానబెట్టి, మొలక చూపగానే ఎండబెట్టి, సన్నసెగ మీద ఆరబెట్టినదే మాల్టు. మా కాళంగి ఒడ్డున నారు పోసే రైతు వడ్లను నానబెట్టి మండె కడతాడు. మాల్టు పనిలో తొలి సగం అదే కదా!

అతడు సామగ్రిని కొనలేదు, తానే అమర్చుకొన్నాడు. ఐసు దాచుకొనే ప్లాస్టిక్ పెట్టెకు అడుగున కొళాయి బిగించి, లోపల రాగిగొట్టాన్ని చట్రంగా వంచి, దాని అడుగువైపు రంపంతో సన్నని గాట్లు పెట్టాడు. మరపట్టిన మాల్టును వేడినీటితో అందులో కలిపి మూత పెడితే, గంటసేపు 65 నుంచి 68 డిగ్రీల సెల్సియస్ వేడి నిలవాలి. ఆ వేడిలో గింజలోని ఎంజైములే పిండిని చక్కెరగా మారుస్తాయి. వేడి మరీ పెరిగితే అవి చెడిపోతాయి. పెట్టె గోడల మందమే వేడిని కాపాడుతుంది గనుక పొయ్యితో పని లేదు. పిమ్మట కొళాయి తిప్పితే తీపిరసం దిగుతుంది. పొట్టే వడపోత గుడ్డ అవుతుంది. ఇంగ్లీషువారు దీనికి జర్మన్ నుంచి లాటరింగ్ అనే మాటను అరువు తెచ్చుకొన్నారు. మనకు వార్చడం ఉంది. గాట్లు పెట్టిన ఆ గొట్టం మన సిబ్బిరేకే.

సంస్కృతం కావాలన్నా కొరత లేదు. మేదకమనే బియ్యపు మద్యానికి ద్రోణం నీరు, అర్ధాఢకం బియ్యం, మూడు ప్రస్థల కిణ్వం అని కౌటిల్యుడు అర్థశాస్త్రంలో కొలతలు ఇచ్చాడు. ఉత్సవాలకు నాలుగు రోజులు సుర చేసుకొనే అనుమతి కూడా అక్కడ ఉంది. మన విజ్ఞానశాస్త్ర పుస్తకాల్లోని కిణ్వనం ఆ కిణ్వం నుంచి వచ్చినదే. అయినా పాత్రలకు 'ధాన్యపాచకభాండం' వంటి సమాసాలు కట్టవద్దనే నా పక్షం. (పండితుడే ఇట్లా అంటే ఎట్లా అని నవ్వకండి.) తరవాణి కుండను ఎరిగిన భాషకు ఆ బరువు ఎందుకు?

మర్యాద సంగతి ఇంత తేలిక కాదు. సూళ్లూరుపేట 2022 నుంచి తిరుపతి జిల్లాలో చేరినా మా యాసా, మా జ్ఞాపకాలూ నెల్లూరివే. 1992లో సారాను ఎదిరించిన దూబగుంట స్త్రీలది ఈ జిల్లాయే. అక్షరాస్యత వాచకంలోని సీతమ్మ కథ వారిని కదిలించిందన్నది బడిపంతులుగా నాకు గర్వకారణం. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ రెండోది సడలిపోయింది. ఈ చరిత్ర గల చోట, ఇంట మద్యం చేసుకొనే హక్కు కావాలని నేను అడగను. అనుమతి లేకుండా చేస్తే మన చట్టం నేరమంటుంది, అట్లాగే ఉండనీ. అమెరికాలో 1978 నాటి చట్టం ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా, అమ్మకానికి కాకుండా, బీరు చేసుకోనిచ్చింది. కాచి దించే మద్యానికి మాత్రం అది అనుమతి ఇవ్వలేదు. అక్కడి చట్టం గుర్తించిన ఈ తేడాను మనం మాటల్లోనైనా గుర్తించం. అన్నీ మనకు 'మందే'.

మద్యం ఏదైనా మద్యమే అనేవారున్నారు. తాగుబోతు ఇంటి ఆడవారి విషయంలో అది నిజం, వారి ముందు నేను వాదించను. కాని చేసే పని ఒకటి కాదు. వార్చిన రసాన్ని హాప్స్ పూలతో గంటసేపు మరిగించి, రాగిచుట్టతో త్వరగా చల్లార్చి, ఈస్టు కలుపుతారు. ఆ చుట్టను చూస్తే మనవాళ్ళు బట్టీ అనే అంటారు. బట్టీలో చుట్ట ఉంటే ఆవిరి గొట్టం లోపల, చన్నీళ్ళు వెలుపల. ఇక్కడ చన్నీళ్ళు గొట్టం లోపల, రసం వెలుపల. బట్టీ సారాన్ని చిక్కబరుస్తుంది. ఈ చుట్ట కేవలం చల్లారుస్తుంది.

అందుకే బొమ్మలతో సహా రాయమన్నాను. చుట్ట బొమ్మలో నీరు ఎటు పోతుందో బాణం గుర్తులు వేయమన్నాను. హాప్స్‌ను మాత్రం హాప్స్ అనే ఉంచమన్నాను. అది చలినేలల తీగ, మా ఊళ్ళో దానికి పేరు పెట్టవలసిన అవసరం ఎవరికీ రాలేదు.