వకీలు ఫీజుకు భయపడి హక్కు వదులుకోవద్దు

తలాఖ్ పొందిన స్త్రీ మనోవర్తి కోసం కోర్టుకు వెళ్ళవచ్చా? వెళితే వకీలు ఫీజు ఎవరిస్తారు? మన ఇళ్ళలో తరచూ వినిపించే ప్రశ్నలివి. జవాబు తెలియక ఎందరో అక్కచెల్లెళ్ళు మౌనంగా ఊరుకుంటున్నారు.

మొదటి ప్రశ్నకు 2024 జూలై 10న సుప్రీంకోర్టే జవాబిచ్చింది. తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులో, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద మనోవర్తి కోరవచ్చని తీర్పు చెప్పింది. ఆ నిబంధనే ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్.

ఇక ఫీజు సంగతి. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది.

ఒకప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వాసులు జిల్లా స్థాయి పనులకు మహబూబ్‌నగర్ వెళ్ళేవారు. 2016లో ఈ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. స్థానిక జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోవచ్చు. 15100కు ఫోన్ చేసి సలహా అడగవచ్చు. నికాహ్‌నామా నకలు మాత్రం భద్రంగా దాచుకోవాలి.

జమాత్ పెద్దలు జుమా నాడు ఈ రెండు ముక్కలూ చెబితే, ఏ ఆసరా లేదనుకున్న ఆడబిడ్డకు దారి కనిపిస్తుంది.