ఒక్క మూలంతో సరిపెట్టుకుందామా?

సాయంత్రం నాలుగు దాటితే మన తరగతి గదులు ఖాళీ. ఎవరిని అడిగినా ఒకటే జవాబు: అమీర్‌పేట. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో సాఫ్ట్‌వేర్ కోర్సు చేయనివాడు అసలు విద్యార్థే కాదన్నట్టుంది మన వరస. నేనూ వెళ్లాను. అమ్మ దాచుకున్న డబ్బు తెచ్చి ఫీజు కట్టాను. కట్టినందుకు విచారం లేదు. అక్కడ నేర్చినదానికీ ఇక్కడ చదివినదానికీ ముడి వేసుకోలేకపోయానే, అదీ నా బాధ.

పోయిన ఏడు పంజగుట్టలో ఒక ఇంటర్వ్యూకి వెళ్లాను. ఒకాయన 'ఇ పవర్ ఎక్స్ సమానం 3 ఎక్స్ స్క్వేర్' అనే సమీకరణం రాసిచ్చి, మూలాలన్నీ కనుక్కోమన్నారు. పైథాన్ వచ్చినవాణ్ణి, నాకేం భయం? 1 దగ్గర మొదలుపెట్టాను, 0.910 వచ్చింది. "ఇంకా ఉన్నాయా?" అన్నారు. 4 దగ్గర మొదలుపెడితే 3.733 వచ్చింది. "ఇంతేనా? ఎలా చెప్పగలవు?" అన్నారు. నోరు పెగల్లేదు. ఇంటికొచ్చి మైనస్ 1 దగ్గర మొదలుపెడితే మైనస్ 0.459 దొరికింది. ఉద్యోగం మాత్రం దొరకలేదు.

యంత్రం అబద్ధం చెప్పలేదు. మనం చూపిన చోట బయల్దేరి, ఒక మూలం చేజిక్కగానే ఆగిపోయింది. మొత్తం ఎన్ని ఉన్నాయో చెప్పే బాధ్యత మనది. అందుకు సాధనం మనం బట్టీపట్టి, పరీక్ష అవగానే మరచిపోయిన రోల్ సిద్ధాంతమే. ప్రమేయానికి రెండు మూలాలుంటే, వాటి మధ్య దాని అవకలనానికి కనీసం ఒక మూలం ఉండాలి. కుడివైపుదంతా ఎడమవైపుకి తెచ్చి మూడుసార్లు అవకలనం చేస్తే ఇ పవర్ ఎక్స్ ఒక్కటే మిగులుతుంది. అది ఎన్నటికీ సున్న కాదు. కాబట్టి మూలాలు మూడుకు మించవు. ఇక మైనస్ 1, 0, 1, 3, 4 దగ్గర గుర్తులు చూడండి: రుణం, ధనం, రుణం, రుణం, ధనం. మూడుసార్లు మారింది. మూలాలు సరిగ్గా మూడే! ఇదంతా ఒక చిత్తుకాగితం పని. దశాంశాలు మాత్రం సాఫ్ట్‌వేర్ పని.

పంజగుట్టకు దగ్గర్లోనే, బేగంపేటలో, నిజామియా నక్షత్రశాల ఉంది. నవాబ్ జఫర్ జంగ్ పూనికతో మొదలై 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ఆకాశాన్ని ఫోటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారుచేసే అంతర్జాతీయ కృషిలో, కంప్యూటర్లు లేని ఆ రోజుల్లోనే పాలుపంచుకుంది. ఖగోళశాస్త్రంలో కెప్లర్ సమీకరణాన్నీ ఇలా అంచనాలతోనే సాధించాలి. అయితే దీర్ఘవృత్త కక్ష్యకు దాని మూలం ఒక్కటేనని ముందే రుజువు చేయవచ్చు. ఆ ధీమా ఉన్నాకే దశాంశాల వేట.

"ఉద్యోగానికి సిద్ధాంతం ఎందుకోయ్?" అంటారు కొందరు మిత్రులు. నాకు ఉద్యోగం తప్పింది సాఫ్ట్‌వేర్ రాక కాదు, సిద్ధాంతం గుర్తులేక!

అధ్యాపకులకు ఒక విన్నపం. ప్రాక్టికల్ పరీక్షలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టేముందు "మూలాలు ఎన్ని? ఎందుకు?" అని రాయించండి, దానికీ మార్కులు వేయండి. తోటి విద్యార్థులకు ఒక మాట. అమీర్‌పేట వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. కానీ ఇక్కడి క్లాసు ఎగ్గొట్టి మాత్రం వెళ్లకండి.